అరెకరంలో చిట్టడవి: నర్సరీకి వెళ్లే ముందే చూసుకోవాల్సినవి

మెట్ట పొలంలో ఓ మూల అరెకరం వదిలేసి, పొయ్యికి కట్టెలూ పిట్టలకు నీడా ఉండేలా చెట్లు పెంచుదామనుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి.

- గట్టు తగాదా ఉంటే సర్వే చేయించి రాళ్లు పాతించండి. పైన కరెంటు తీగలుంటే వాటి కింద అసలు వద్దు.

- గుంతలు మే నెలలోనే తీయాలి, అడుగున్నర లోతు, అంతే వెడల్పు. రెండు మంచి వానలు పడి నేల లోపలిదాకా తడిశాకే నాటండి. ఒక్క జల్లుకే తొందరపడి నేను నాటినవి సగం మాడిపోయాయి.

- మొక్క ఏపుగా ఉందని మురిసిపోకండి. కవరు అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటే తీసుకోవద్దు. నాటేటప్పుడు కవరు బ్లేడుతో కోసి తీసేయాలి, కవరుతోనే పాతేసేవాళ్లను కూడా చూశాను!

- కట్టెలకు గ్లైరిసీడియా, నల్లతుమ్మ. గ్లైరిసీడియాను మోకాలి ఎత్తులో నరికితే మళ్లీ చిగురిస్తుంది. సుబాబుల్ వేస్తే కాయ ముదరకముందే కొట్టండి, లేదంటే గింజలు రాలి పక్కవాళ్ల చేలో మొలిచి మాటలు పడాల్సి వస్తుంది. పిట్టలకు నేరేడు, రేగు, వేప, వీలైతే ఒక మర్రి. సర్కారు తుమ్మ మాత్రం వద్దు.

- మేకలు రాకుండా కంచె.

- ఫిబ్రవరికల్లా చుట్టూ పది అడుగుల మేర ఎండుగడ్డి చెక్కేయండి, ఒక్క బీడీ ముక్క చాలు అంతా తగలబడటానికి.

- నరికే ముందు ఏ చెట్టుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం (2002) కింద అనుమతి కావాలో అటవీ శాఖ ఆఫీసులో అడగండి. గూడున్న చెట్టు జోలికి పోకండి.