వాయిస్ ఏజెంట్ మాట మధ్యలో ఆగిపోతోందా? ముందు రికార్డింగు వినండి

తిరుపతిలో లాడ్జీలు, ట్రావెల్స్, చిన్న క్లినిక్కులు రాత్రిపూట వచ్చే ఫోన్లను, ఫోనెత్తి మనిషిలా మాట్లాడే ఏఐ వాయిస్ ఏజెంట్‌కు అప్పగిస్తున్నాయి. ఏజెంటును ఎలా పెట్టుకోవాలో మీకు తెలుసుననే అనుకుని, పెట్టుకున్నాక వచ్చే ఇబ్బందుల గురించే రాస్తున్నాను. ఏ ఇబ్బంది వచ్చినా మొట్టమొదట చేయవలసింది, చెడిపోయిన ఆ కాల్ రికార్డింగును మొదటి నుంచి చివరిదాకా చెవితో వినడం. దాదాపు అందరూ ఈ పనిని వదిలేసి, తెర మీద కనిపించే సంభాషణ పాఠాన్ని చదివి, ఏజెంటుకు ఇచ్చిన సూచనలను తిరగరాస్తూ కూర్చుంటారు. ఆ పాఠాన్ని ఎందుకు నమ్మకూడదో కింద వివరిస్తాను.

కాల్ ఏజెంటు దాకా రావడం లేదు

ఇది సాధారణంగా కాల్ ఫార్వర్డింగ్ లోపం. 2024 ఏప్రిల్ 15 నుంచి *401# వంటి యూఎస్ఎస్‌డీ కోడ్లతో (ఫోనులో నంబరులాగా కొట్టే కోడ్లు) ఫార్వర్డింగ్ పెట్టే సౌకర్యాన్ని టెలికాం శాఖ ఆపించింది కాబట్టి, పాత కోడ్లను నమ్ముకోకుండా ఫోను సెట్టింగుల్లో గానీ ఆపరేటరు ద్వారా గానీ పెట్టించుకోండి. తర్వాత వేరే నెట్‌వర్కులో ఉన్న ఫోను నుంచి మీ నంబరుకే చేసి చూడండి. ఎత్తకపోతే ఒకసారి, వేరే కాల్‌లో ఉండగా ఒకసారి, ఫోను ఆఫ్ చేసి ఒకసారి చేయాలి. ఈ మూడింటికీ ఫార్వర్డింగ్ విడివిడిగా ఉంటుంది.

మాట మధ్యలో ఆగిపోతోంది, లేదా అడగని గదిని ఖాయం చేస్తోంది

ఈ రెండు ఫిర్యాదులూ వేర్వేరుగా వస్తాయి గానీ మూలం ఒక్కటే. మొదటిదానికి ఇంటర్నెట్‌ను, రెండోదానికి ఏజెంటు తెలివిని తప్పుపట్టి, సేవనే మార్చేసిన యజమానులను చూశాను. కొత్త సేవలోనూ అదే జరిగింది. అసలు కారణం మనం ఊఁ కొట్టడం.

ఎదుటివారు ఫోనులో వివరంగా చెబుతున్నప్పుడు మౌనంగా వినడం మనకు అలవాటు లేదు. ‘ఆఁ’, ‘ఊఁ’, ‘సరే’, ‘చెప్పండి’ అంటూ ఉంటాం; అనకపోతే లైను తెగిందేమోనని అవతలివారు ‘హలో’ అంటారు. వాయిస్ ఏజెంట్ మాత్రం అవతలి వైపు నుంచి మనిషి గొంతు వినబడగానే, తన మాటకు అడ్డు వచ్చారని భావించి ఆగిపోయేలా అమర్చి ఉంటుంది. కోపంతో ఉన్న మనిషి మాటను అది తొక్కుకుంటూ పోకుండా ఈ ఏర్పాటు అవసరమే. అయితే ‘ఆఁ’ అన్న ప్రతిసారీ ఆగితే గది ధర కూడా పూర్తిగా చెప్పలేకపోతుంది.

ఇంతకంటే ప్రమాదకరమైనది తర్వాతి మెట్టు. ఆ ‘ఆఁ’ అక్షరాలుగా మారి, ఫోను చేసినవారి జవాబుగా భాషా నమూనాకు, అంటే ఏజెంటు జవాబులను తయారుచేసే ఏఐకి, చేరుతుంది. నాన్ ఏసీ ధర చెప్పి ఏసీ ధరకు వెళ్ళబోతుండగా కాట్పాడి నుంచి ఫోను చేసిన పెద్దాయన ‘ఆఁ’ అంటే, నాన్ ఏసీకి ఒప్పుకున్నారని లెక్కవేసి గది ఖాయం చేస్తుంది. పెద్దాయన కుటుంబంతో వచ్చి కౌంటరు దగ్గర ఏసీ గది అడుగుతారు. అప్పుడు మీరు పాఠం తెరిస్తే అందులో రెండు ధరలూ పూర్తిగా కనబడి, కింద ఆయన అంగీకారం ఉంటుంది. తప్పు ఆయనదేనని అనిపిస్తుంది. చాలా సేవల్లో ఏజెంటు పలకవలసిన వాక్యాన్ని భాషా నమూనా ముందే రాసేస్తుంది, గొంతు ఆ తర్వాత దాన్ని పలుకుతుంది. పలుకు మధ్యలో తెగినా పాఠంలో వాక్యం మొత్తం మిగిలిపోతుంది. ఏసీ ధర ఆయన చెవిన పడనే లేదన్న సంగతి రికార్డింగు వింటేనే తెలుస్తుంది.

పెట్టేటప్పుడు ఇది ఎందుకు బయటపడదంటే, యజమాని నిశ్శబ్దమైన గదిలో కూర్చుని, ఏజెంటు ఏం చెబుతుందో ముందే తెలిసి, నోరు మెదపకుండా వింటారు. పరీక్షించేది ఇంట్లో పెద్దవారి చేత, వీలైతే బస్టాండు రద్దీలో నిలబెట్టి చేయించాలి.

పరిష్కారంలో మొదటిది, అడ్డు వస్తే ఆగే అమరికను శబ్దం మీద కాకుండా మాటల మీద పెట్టడం. కనీసం రెండు మాటలు వినబడితేనే ఆగాలని చాలా సేవల్లో పెట్టవచ్చు. ‘ఆగండి’, ‘వద్దు’, ‘ఒక్క నిమిషం’ అన్నవాటికి మాత్రం వెంటనే ఆగాలి. రెండవది, ‘ఆఁ’, ‘ఊఁ’, ‘సరే’, తమిళుల ‘ఆమా’ వంటివాటిని పట్టించుకోవద్దని జాబితా ఇవ్వడం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఈ జాబితా ఏజెంటు మాట్లాడుతున్నంతసేపే వర్తించాలి, ఎందుకంటే అది ప్రశ్న అడిగి ఆగాక వచ్చే ‘ఆఁ’ నిజమైన జవాబు. మూడవది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఖాయం చేసే ప్రశ్నను ఊఁ కొట్టి తప్పించుకోలేనిదిగా మార్చడం. ‘ఏసీ గది ఖాయం చేయమంటారా?’ అని అడిగే బదులు ‘ఏసీ కావాలా, నాన్ ఏసీ కావాలా?’ అని అడిగితే ఆ మాటను వారు నోటితో చెప్పక తప్పదు. ధరలను కూడా ఒక్కొక్కటిగా చెప్పి ఆగాలి.

ఇవన్నీ చేశాక కూడా ఆగుతుంటే, రికార్డింగులో పిలిచినవారి వైపు శబ్దాన్ని మాత్రమే వినండి. అందులో ఏజెంటు గొంతే వినబడితే, వారు వ్యానులో స్పీకరు పెట్టి మాట్లాడుతున్నారు. తన ప్రతిధ్వనికే అది ఆగుతోంది. రెండు మాటల నియమంతో ఇది కొంత తగ్గుతుంది గానీ, ప్రతిధ్వనిని తొలగించే అమరికను కూడా ఆన్ చేయించండి.

తేదీలు, అంకెలు తప్పుతున్నాయి

రాత్రి కాల్స్‌లోనే తేదీ తప్పుతుంటే ఏజెంటు గడియారాన్ని చూడండి. అది యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటే మన సమయానికి ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున ఐదున్నర వరకు అది నిన్నటి తేదీలోనే ఉండి, ‘రేపు’ అంటే ఈ రోజును రాసుకుంటుంది. భారత కాలమానానికి మార్చి, తేదీని వారంతో సహా తిరిగి చెప్పించండి. రాత్రి పన్నెండున్నరకు ఫోను చేసినవారు ‘రేపు పొద్దున’ అన్నప్పుడు వారి మనసులో ఉన్నది తెల్లవారబోయే రోజే కావచ్చు, కాబట్టి గడియారం సరిగా ఉన్నా ఈ తిరిగి చెప్పడం తప్పనిసరి.

మామూలు ఫోను కాల్‌లో సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే శబ్దం అందుతుంది కనుక ‘ఇరవై’, ‘అరవై’ కలిసిపోతుంటాయి; అంకెలను ‘రెండు సున్నా’ అని విడగొట్టి అడిగించాలి. ఫోను నంబరును అడగకుండా కాల్ నుంచే తీసుకోవచ్చు. అయితే ఫార్వర్డ్ అయిన కాల్‌లో కొన్నిసార్లు పిలిచినవారి నంబరుకు బదులు మీ నంబరే కనబడుతుంది, కాబట్టి ముందు సరిచూసుకోండి.

తమిళంలో మాట్లాడితే అర్థం లేని జవాబు

గుర్తింపు భాషను తెలుగు ఒక్కటే పెట్టారు. తమిళం, కన్నడం, హిందీ చేర్చండి. చెన్నై, వెల్లూరు, బెంగళూరు నుంచి యాత్రికులు వచ్చే ఊళ్ళో ఇది మొదటి రోజే చేయవలసిన పని.

దర్శనం టికెట్లు ఇప్పిస్తామని చెబుతోంది

దీనిని ఆ పూటే ఆపాలి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను టీటీడీ తన వెబ్‌సైటులో ఇస్తుంది. మీ ఏజెంటు మాట నమ్మి దూరం నుంచి వచ్చిన కుటుంబం నష్టపోతుంది. దర్శనం గురించి అడిగితే టీటీడీ వెబ్‌సైటు చూడమని తప్ప మరేమీ చెప్పకూడదని స్పష్టంగా రాసి, దళారీలాగా బతిమాలి అడిగి పరీక్షించండి.

అరుదైనవి

ఒకవైపు మాటే వినబడడం, గొంతు గరగరలాడడం మీరు సరిచేయగలిగినవి కావు. కాల్ వచ్చిన సమయాన్ని, రికార్డింగును సేవ ఇచ్చినవారికి పంపితే చాలు.