పాల చౌడు నేలలను సేంద్రియ ఎరువులతో గుల్లబరచే విధానం

కృష్ణా డెల్టా చివరి భూముల్లో, బాపట్ల, మచిలీపట్నం వైపు తీర ప్రాంత పొలాల్లో వేసవిలో పైకి తేలే తెల్లని ఉప్పు పొర పాల చౌడుకు, అంటే లవణాలు పేరుకున్న నేలకు గుర్తు. పశువుల ఎరువు వేస్తే ఆ ఉప్పు విరిగిపోతుందని చాలామంది అనుకుంటారు గాని అది నిజం కాదు. సేంద్రియ పదార్థం మట్టి రేణువులను చిన్న రవ్వలుగా కూర్చి, నేలను గుల్లబరచి నీరు దిగే దారి చేస్తుంది. ఉప్పును కిందికి తీసుకుపోయేది ఆ నీరే. కనుక మురుగు కాలువ లేని పొలంలో ఎంత ఎరువు వేసినా ప్రయోజనం స్వల్పమే.

ముందుగా వేసవిలో మట్టి పరీక్ష చేయించాలి. సంతృప్త మట్టి సారంలో, అంటే నీటితో పూర్తిగా తడిపిన మట్టి నుండి తీసిన నీటిలో, లవణ సూచిక (EC) మీటరుకు 4 డెసిసీమెన్స్ దాటి, ఉదజని సూచిక (pH) 8.5 లోపు ఉంటే అది పాల చౌడు. ఉదజని సూచిక 8.5 దాటిన, సోడియం ఎక్కువగా ఉన్న కారు చౌడుకు పరీక్ష ఫలితాన్ని బట్టి జిప్సం కూడా వేయాలి.

పొలాన్ని చదును చేసి, చిన్న మడులుగా విభజించి, గట్లు బలపరచి, మంచి కాలువ నీటిని నిలగట్టి మురుగు కాలువలోకి తీసివేయడాన్ని కొన్నిసార్లు చేయాలి. ఆ తరువాత ఎకరానికి 4 నుండి 5 టన్నుల బాగా మాగిన పశువుల ఎరువు చల్లి కలియదున్నాలి. పచ్చి కోళ్ల ఎరువులో లవణాలు ఎక్కువ కాబట్టి ఈ నేలల్లో దానికి దూరంగా ఉండడమే మేలు.

అయితే అంత పశువుల ఎరువు దొరకడం నేడు కష్టం. అందుచేత నా దృష్టిలో అసలైన ఆధారం జీలుగ అనే పచ్చిరొట్ట పైరు. చౌడును, నీటి ముంపును రెండింటినీ తట్టుకొనే ఈ పైరు వేర్లు గట్టి పొరను చీల్చుకొని దిగుతాయి, అది కుళ్లేటప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు నేలలోని సున్నాన్ని కరిగించగా విడుదలైన కాల్షియం బంకమట్టిని పట్టి ఉన్న సోడియంను తప్పిస్తుంది. తొలకరిలో ఎకరానికి 10 నుండి 12 కిలోల విత్తనం చల్లాలి. చౌడు తీవ్రంగా ఉన్న చోట మొలక తగ్గుతుంది గనుక కొంత పెంచాలి. పూత మొదలయ్యే సమయానికి, అంటే సుమారు 45 నుండి 50 రోజులకు, ఆలస్యం చేయకుండా కలియదున్నాలి; ముదిరిన కాండం త్వరగా చివకదు. దున్నే ముందు ఎకరానికి 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ వేసి, పలుచగా నీరు నిలిపి, బాగా చివికిన తరువాతనే వరి నాట్లు వేయాలి.

కోత తరువాత నేలను బోడిగా వదలకూడదు. ఎండకు తేమ పైకి లాగబడి ఉప్పును వెంట తెస్తుంది కాబట్టి, గడ్డిని తగలబెట్టకుండా పొలంలోనే పరచి, తొలకరి దుక్కిలో కలపాలి.