వర్క్‌షాప్ పోస్టర్ మీద ‘ఫ్రీ’ అని రాసేముందు

విజయవాడలోనో గుంటూరులోనో కాలేజీ పిల్లలకి లైనక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వర్క్‌షాప్ పెట్టాలని చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఇన్‌స్టాల్ చేయడం నేర్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఏ మాటతో చెప్పాలన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు, పిల్లల బుర్రలోకి ముందు ఎక్కేదేమో ఆ మాటే.

పోస్టర్‌తో మొదలుపెడదాం. ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్ వర్క్‌షాప్’ అని మాత్రమే వేస్తే కొందరు ఫీజు లేదనుకుంటారు, కొందరు సాఫ్ట్‌వేర్ ఊరికే ఇస్తారనుకుంటారు. ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్’ అని పెద్దగా వేయించండి, కింద చిన్న అక్షరాల్లో ‘ప్రవేశం ఉచితం’ అని వేయించండి. రెండూ వేరు వేరు సంగతులని పోస్టరే చెప్పేస్తుంది.

హాల్లోకి వచ్చాక నిర్వచనం చదివి వినిపించొద్దు, వాళ్లకి తెలిసిన వస్తువేదైనా స్క్రీన్ మీద పెట్టండి. నా సలహా, తెలుగు ఫాంటు. అరండల్‌పేటలో ఒక డీటీపీ షాపు ఉందనుకోండి, శుభలేఖ కంపోజ్ చేస్తుంటే ఒక అక్షరం కింద ఒత్తు పక్కకి జరిగి కనిపిస్తోంది. ఆ ఫాంటు ఎవరో పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చారు, పైసా ఖర్చు కాలేదు. అయినా ఆ ఒత్తుని సరిచేసే హక్కు షాపాయనకి ఉందా? సరిచేసింది పక్క షాపుకి ఇవ్వొచ్చా? పిల్లల్నే అడగండి. తర్వాత మండలి ఫాంటో రామభద్ర ఫాంటో తెరిచి, దాంతోపాటు వచ్చే లైసెన్సు ఫైలు చూపించండి. అది ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు. వాడుకో, లోపల ఎలా ఉందో చూసి మార్చుకో, కాపీలు పంచు, మార్చిన కాపీని కూడా పంచు అని అందులో రాసే ఉంటుంది. ఈ నాలుగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి కొలత, సున్నా నుంచి మూడు దాకా అంకెలు వేసి చెబుతారు.

అక్కడే ఎవరో ఒకరు “అయితే అమ్మకూడదా సార్?” అని అడుగుతారు. నిక్షేపంగా అమ్మొచ్చు. అచ్చంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే ఆపరేటింగ్ సిస్టమ్ కట్టాలని 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, ఆ తర్వాత ఈమ్యాక్స్ అనే తన ఎడిటర్ ప్రోగ్రాము టేపుల్ని 150 డాలర్లకి అమ్మేవాడు. (పైన చెప్పిన ఫాంటు లైసెన్సులో మాత్రం ఫాంటుని విడిగా, అదొక్కటే అమ్మకూడదన్న షరతు ఉంది. అది దాచకుండా చెప్పండి.)

‘ఓపెన్ సోర్స్’ అన్న మాట ఎలాగూ వస్తుంది. ఆ మాట పుట్టింది 1998 ఫిబ్రవరిలో, క్రిస్టీన్ పీటర్సన్ సూచించారు, కంపెనీలకి భయం లేకుండా ఎక్కాలన్నది ఉద్దేశం. దాదాపు అవే ప్రోగ్రాములు రెండు పేర్లతోనూ నడుస్తాయి. తేడా కారణంలో ఉంది. ఓపెన్ సోర్స్ అన్నప్పుడు ‘ఇలా చేస్తే కోడ్ బాగా తయారవుతుంది’ అన్నది ముందుకొస్తుంది, స్వేచ్ఛ అన్నప్పుడు ‘వాడేవాడి హక్కు’ ముందుకొస్తుంది. నాకు రెండోదే ముఖ్యం, ఎందుకో లిబ్రే ఆఫీస్ (వర్డ్, ఎక్సెల్ లాంటి పనులకి వాడే సాఫ్ట్‌వేర్) కథ చెబితే తెలుస్తుంది. 2010లో సన్ కంపెనీని ఒరాకిల్ కొనేసింది, దాంతోపాటు అలాంటిదే అయిన ఓపెన్‌ఆఫీస్ కూడా ఒరాకిల్ చేతికెళ్లింది. అక్కడ పనిచేస్తున్న వలంటీర్లు చాలామంది అదే ఏడాది సెప్టెంబరులో కోడ్ తీసుకుని బయటికొచ్చి లిబ్రే ఆఫీస్ మొదలుపెట్టారు, ఎవరి అనుమతీ అడగక్కర్లేకపోయింది. ఓపెన్‌ఆఫీస్ ఉచితంగా దొరకడం వల్ల ఇది జరగలేదు, మార్చి పంచుకునే హక్కు లైసెన్సులోనే ఉండబట్టి జరిగింది.

ఒక మాట మాత్రం మానేయమంటాను, మేధోసంపత్తి (ఇంటలెక్చువల్ ప్రాపర్టీ). కాపీరైటు చట్టం 1957ది, పేటెంటు చట్టం 1970ది, రెండూ కాపాడేవి వేరు, గడువులు వేరు. కంప్యూటర్ ప్రోగ్రాముని ప్రోగ్రాముగా మన పేటెంటు చట్టం సెక్షన్ 3(కె) పేటెంటు ఇవ్వకుండా పక్కన పెడుతుంది, కాపీరైటు చట్టమేమో దాన్ని సాహిత్య రచన కింద లెక్కేస్తుంది. అన్నిటినీ ఒకే గంపలో వేస్తే పిల్లలకి ఏదీ అర్థం కాదు, ఏ చట్టం గురించి మాట్లాడుతున్నారో ఆ పేరే చెప్పండి.

లైనక్స్ అనాలా గ్నూ/లైనక్స్ అనాలా అన్నదాని మీద గంట వాదించొద్దు. కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు, చుట్టూ ఉన్న కంపైలరు, షెల్లు లాంటివి చాలావరకు గ్నూవి, అంతవరకు చెప్పి ముందుకెళ్లండి.

“వాట్సాప్ కూడా ఫ్రీనే కదా?” అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. జవాబు మీరు చెప్పకండి, ఆ నాలుగు స్వేచ్ఛల్నీ ఒక్కొక్కటే అడిగించండి, మార్చుకోవడం దగ్గరే ఆగిపోతుంది. వీడియోలు చూసే వీఎల్‌సీ ప్లేయర్‌కి కూడా అదే పరీక్ష పెట్టించండి, నాలుగూ దాటుతుంది.

చివరి గంట వాళ్ల సొంత ప్రాజెక్టులకి ఉంచండి. గిట్‌హబ్‌లో (కోడ్ పెట్టి పంచుకునే సైటు) పెట్టేశాం కాబట్టి ఓపెన్ సోర్స్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. లైసెన్సు లేకపోతే కాదు, రాసిన క్షణం నుంచే కాపీరైటు దానంతటదే వస్తుంది, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు, కాబట్టి రాసినవాళ్లు అనుమతి ఇస్తేనే ఇంకొకరు దాన్ని మార్చి పంచగలరు. మార్చి పంచేవాళ్లు కూడా అవే స్వేచ్ఛలు ఇచ్చి తీరాలంటే జీపీఎల్ లైసెన్సు మూడో వెర్షన్, ఎవరెలా వాడుకున్నా ఫర్వాలేదంటే ఎంఐటీ లైసెన్సు. ఏది కావాలో వాళ్లనే తేల్చుకోనిచ్చి, ఆ లైసెన్సు ఫైలు ప్రాజెక్టులో పెట్టించి, కమిట్ (మార్పుని ప్రాజెక్టులో నమోదు) చేయించాకే ఇంటికి పంపండి.