ప్రొఫైల్ లింకు రెజ్యూమేలో పెట్టేముందు జాగ్రత్తలు

క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు లింక్డ్‌ఇన్, గిట్‌హబ్ (కోడ్ పెట్టుకునే సైట్) లింకులు ఇచ్చేలోపు ఇవి చూసుకోండి.

- ఇన్‌కాగ్నిటో విండోలో మీ పేరు, కాలేజీ పేరు కలిపి వెతకండి. బయటివాళ్లకు కనిపించేది దాదాపు అదే. వాడని పాత ఖాతాలు మూసేయండి.

- ఖాతాకు సొంత మెయిల్‌నే ప్రైమరీగా పెట్టండి. చదువయ్యాక కాలేజీ మెయిల్ ఆపేస్తే పాస్‌వర్డ్ మార్చుకోవడం కష్టం.

- అసలు నష్టం గిట్‌హబ్ దగ్గరే. కోడ్‌లో ఏపీఐ కీ (వేరే సర్వీసును వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్), డేటాబేస్ పాస్‌వర్డ్ మిగిలాయేమో ప్రతి రిపోలో (ప్రాజెక్టు ఫోల్డరులో) చూడండి. ఆ లైను తీసేసి మళ్లీ కమిట్ చేస్తే (మార్పును భద్రపరిస్తే) సరిపోదు, పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి. ఇకపై కీలుండే ఫైలు పేరును మొదటి కమిట్‌కు ముందే గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) చేర్చండి.

- కొన్న ప్రాజెక్టును సొంతదని పెట్టకండి, దయచేసి. "ఈ ఫంక్షన్ ఎందుకు రాశావు?" అని ఇంటర్వ్యూలో అడిగితే జవాబుండదు. టీమ్ ప్రాజెక్టైతే మీరు చేసిన భాగమేదో రీడ్‌మీలో (ప్రాజెక్టు గురించి చెప్పే ఫైలులో) రాయండి.

- అందరికీ కనిపించే రెజ్యూమేలో డోర్ నంబరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు వద్దు. సర్టిఫికెట్ ఫొటోలో హాల్‌టికెట్ నంబరు, క్యూఆర్ కోడ్ కనిపించకుండా కత్తిరించండి.