హెచ్చరిక పంపే ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

వరద గుమ్మం దాకా వచ్చాక హెచ్చరిక రాయడానికి కూర్చుంటే, హడావుడిలో తోచేది ఒక్క వాక్యమే: "భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది, ప్రజలు అప్రమత్తంగా ఉండాలి." అది చదివి ఎవరూ ఇల్లు కదలరు. ఏం చేయాలో అందులో లేదు కదా! సీజన్ మొదలవక ముందే, తీరిగ్గా ఉన్నప్పుడే, ఇలాంటిది రాసి పెట్టుకోండి:

"ఈ రాత్రి 10 దాటాక వాగు నీళ్లు వంతెన మీదికి రావచ్చు. ఒడ్డున ఉండేవాళ్లు చీకటి పడేలోపు బడికి వెళ్లిపోండి. మందులు, ముఖ్యమైన కాగితాలు వెంట తీసుకెళ్లండి. మళ్లీ సాయంత్రం 7కి చెబుతాం."

ఊళ్లు, వేళలు మార్చుకుంటే సరిపోతుంది. ఆ చివరి మాటను చాలామంది వదిలేస్తారు. మళ్లీ ఎప్పుడు చెబుతారో తెలియకపోతే జనం పుకార్లనే నమ్ముకుంటారు.

అసలు చిక్కంతా అంకెలతోనే. 1997లో అమెరికాలోని గ్రాండ్ ఫోర్క్స్ దగ్గర రెడ్ నది 49 అడుగులకు చేరుతుందని అంచనా వేశారు. ఊరివాళ్లు దాన్నే పట్టుకుని, కాస్త ఎక్కువ ఎత్తులో గట్లు వేసుకున్నారు. నీళ్లు 54 అడుగులు దాటాయి. అంచనా అటూ ఇటూ కావడం మామూలే. ఎంత అటూ ఇటూ కావచ్చో జనానికి గట్టిగా చెప్పకపోవడమే కొంప ముంచింది. జపాన్‌లో 2011 సునామీకి మొదట చెప్పిన ఎత్తు, నిజంగా వచ్చినదానికంటే చాలా తక్కువ. అందుకే 2013 నుంచి అక్కడ మహా భూకంపం వస్తే, తొలి హెచ్చరికలో మీటర్ల లెక్క ఆపి, అల "భారీ"గా ఉంటుందని మాత్రమే చెబుతున్నారు.

"వందేళ్లకోసారి వచ్చే వరద" అని కూడా రాయకండి. మొన్ననే వచ్చింది, ఇక మన కాలంలో రాదులే అనుకుంటారు. నిజానికి అది ఏ ఏడాదికా ఏడాది నూటికి ఒక వంతు అవకాశం. ముప్పై ఏళ్లు అక్కడే ఉండే కుటుంబానికి దాదాపు నాలుగింట ఒక వంతు.

జనం టెన్షన్ పడతారని విషయం తగ్గించి చెప్పడం అన్నిటికంటే ప్రమాదం. 2009లో ఇటలీలోని లాక్విలాలో వరసగా చిన్న ప్రకంపనలు వస్తుంటే, భయపడాల్సిందేమీ లేదని ఒక అధికారి టీవీలో భరోసా ఇచ్చారు. వారం తిరక్కుండా వచ్చిన భూకంపంలో 300 మందికి పైగా చనిపోయారు. భూకంపం ఏ రోజు వస్తుందో ఎవరూ చెప్పలేరు, నిజమే. అలాంటప్పుడు రాదని కూడా చెప్పకూడదు.

కరెంటు, సిగ్నల్ రెండూ పోతాయనే అనుకుని మైకు, ఇంటింటికీ వెళ్లే మనుషులు సిద్ధంగా ఉండాలి. చెవుడు ఉన్నవాళ్లకు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు కబురు ఎవరు చెబుతారో పేర్లతో సహా ముందే రాసుకోండి.

రాసిన హెచ్చరికను మీ ఆఫీసుతో సంబంధం లేని మనిషికి చదివి వినిపించి, "ఇప్పుడు నువ్వు ఏం చేస్తావ్?" అని అడగండి. "జాగ్రత్తగా ఉంటాను" అంటే మళ్లీ రాయండి.