లీవర్ యాక్షన్ రైఫిల్ - మూడో పాఠం: ముందు గుండు, తర్వాతే తుపాకీ

పోయిన పాఠంలో లీవర్ కిందికి తోస్తే లోపల ఏం కదులుతుందో చూశాం. ఈసారి అలాస్కా లాంటి చోటికి, అంటే మూస్‌లు (దుప్పి జాతి భారీ జంతువులు), గోధుమరంగు ఎలుగుబంట్లు తిరిగే అడవికి, ఏ తుపాకీ తీసుకెళ్లాలో చూద్దాం. చాలామంది ముందు తుపాకీ కొనేసి తర్వాత తూటాల కోసం వెతుకుతారు. నన్నడిగితే గుండు దగ్గర మొదలుపెట్టాలి.

తూటా అంటే ఇత్తడి తొడుగు, ప్రైమర్ (తొడుగు అడుగున ఉండి, దెబ్బ తగిలితే మందుని అంటించే చిన్న బిళ్ల), తుపాకీమందు, గుండు అన్నీ కలిపి. గుండు అంటే బ్యారల్ దాటి వెళ్లి జంతువుకు తగిలే ముక్క మాత్రమే. దాని బరువు గ్రెయిన్లలో చెప్తారు. 7000 గ్రెయిన్లు ఒక పౌండు. 405 గ్రెయిన్ల గుండు సుమారు 26 గ్రాములు తూగుతుంది.

వించెస్టర్ 1894, మార్లిన్ 1895 లాంటి లీవర్ రైఫిళ్లలో తూటాలు బ్యారల్ కింది గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుని ఉంటాయి. వెనక తూటా ముక్కు ముందు తూటా ప్రైమర్‌కి ఆనుతుంది. గుండుకి సూదిముక్కు ఉంటే, తుపాకీ తన్నినప్పుడు ఆ ముక్కు ప్రైమర్‌ని పొడిచి తూటా గొట్టంలోనే పేలవచ్చు. మీ ఎడమ చెయ్యి సరిగ్గా అక్కడే ఉంటుంది! అందుకే గొట్టం ఉన్న తుపాకీకి చదును ముక్కు గుండే వాడాలి, లేదంటే హోర్నడీ లెవరెవల్యూషన్‌లా మెత్తని ప్లాస్టిక్ కొన ఉన్నది. గొట్టానికి బదులు తూటాలు పెట్టెలో పేర్చి ఉండే వించెస్టర్ 1895, బ్రౌనింగ్ బీఎల్ఆర్‌లకు ఈ భయం లేదు. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికాకి తీసుకెళ్లిన లీవర్ తుపాకీ ఆ వించెస్టర్ 1895 మోడలే.

ఇక సైజు. .30-30 తూటా 1895 నుంచి ఉంది. నూటయాభై గజాల లోపు జింకకి హాయిగా సరిపోతుంది. పెద్ద ఎలుగు ఉన్న చోటికి మాత్రం నేను దాన్ని పట్టుకెళ్లను. నా ఎంపిక .45-70. అమెరికా సైన్యం 1873లో తీసుకున్న తూటా ఇది, ఇప్పటికీ దుకాణాల్లో దొరుకుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. .45-70 అన్న పేరుతోనే వేర్వేరు బలాల తూటాలు అమ్ముతారు. పాత ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ (అప్పటి అమెరికా సైన్యం రైఫిల్) తట్టుకునే మెత్తని లోడ్, అంటే తక్కువ బలంతో నింపిన తూటా, ఒకటి, ఇప్పటి మార్లిన్ తట్టుకునే గట్టిది ఇంకొకటి. గట్టిదాన్ని తాతలనాటి తుపాకీలో పెడితే అది పగిలిపోవచ్చు. తూటా తుపాకీలో పట్టింది కదా అని సరిపెట్టుకోవద్దు. పెట్టె మీద ఏ తుపాకీకని రాశారో చదవండి, తుపాకీ మాన్యువల్‌తో పోల్చుకోండి.

గుండులోనూ తేడాలున్నాయి. జింక కోసం చేసిన 300 గ్రెయిన్ల మెత్తని గుండు తగలగానే విచ్చుకుంటుంది. ఎలుగు భుజం ఎముక మీద అలా విచ్చుకుంటే లోపలిదాకా వెళ్లకుండానే ఆగిపోవచ్చు. అక్కడ కావలసింది లోతు. 400 గ్రెయిన్లు దాటిన, గట్టిగా పోతపోసిన చదును ముక్కు గుండు ఎముకని దాటి పోతుంది. మూస్ ఒళ్లు పెద్దదే కానీ ఎలుగంత మొండిది కాదు, దానికి బరువైన మెత్తముక్కు గుండు చాలు.

దూరం విషయంలో ఆశపడకండి. మెత్తని లోడ్‌లో 405 గ్రెయిన్ల గుండుకి గురిని వంద గజాలకు సరిచేస్తే, రెండొందల గజాల దగ్గర అడుగుకి పైగా కిందికి దిగుతుంది. ఆల్డర్ పొదల్లో జంతువు కనిపించేదే దగ్గర్లో కాబట్టి అక్కడ ఇది లోటు అనిపించదు. గట్టి లోడ్‌లు బాగా తన్నుతాయి. భయంతో కళ్లు మూసుకుని కాల్చేకన్నా, ఒక మెట్టు తక్కువ లోడ్‌తో గురి తప్పకుండా కాల్చడమే నయం.

మనవాళ్లకు ఒక మాట. తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి అమెరికా ఫెడరల్ చట్టం తుపాకీని నిషేధిస్తుంది. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, కాబట్టి అది చేతికొచ్చేదాకా తుపాకీ ముట్టుకోవద్దు. ఇండియా నుంచి నేరుగా వచ్చేవారు అలాస్కాలో ఏ పెద్ద జంతువును వేటాడాలన్నా లైసెన్సున్న గైడ్ వెంట ఉండాలి.

ఈ వారం అభ్యాసం: తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, డమ్మీ తూటాలు నింపండి. భుజం మీద నుంచి దించకుండా లీవర్‌ని చివరిదాకా తోసి, చివరిదాకా లాగండి. సగంలో వదిలితే తొడుగు బయటికి రాదు. రోజుకి ఇరవైసార్లు చేయండి. వచ్చే పాఠంలో సైట్‌లు సరిచేద్దాం.