బీజీ-3 విత్తనాల మీద ఆర్టీఐ వేస్తున్నారా? ప్రశ్న రాసే ముందు ఇది చదవండి

మా పరకాల దిక్కు ఒకాయన, బీజీ-3 పేరుతో అమ్ముతున్న, గడ్డిమందు తట్టుకునే పత్తి విత్తనానికి అసలు అనుమతి ఉందా అని అడగడానికి జిరాక్స్ సెంటర్‌లో 500 ఇచ్చి ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు రాయించుకున్నాడు. నెల తిరక్కుండానే వాపస్ వచ్చింది. నిజానికి ఫీజు 10 రూపాయలు, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లు రుజువు జత చేస్తే అదీ లేదు.

కేంద్రం ఆర్టీఐ పోర్టల్‌లో పేరు, అడ్రస్, ఫీజు... ఇవి ఫోన్‌లోనే అయిపోతాయి. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు.

చిక్కంతా ఎవరిని అడగాలన్న దగ్గర. జన్యుమార్పిడి పంటను పొలంలోకి వదలొచ్చా లేదా అని 1989 నిబంధనల కింద చూసేది కేంద్ర పర్యావరణ శాఖలోని జీఈఏసీ అనే కమిటీ. తినే సరుకైతే కేంద్రంలోని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, 2006 నాటి దాని చట్టం సెక్షన్ 22 కింద. మీ ఊరి దుకాణంలో పట్టుకున్న ప్యాకెట్లు, శాంపిల్ రిపోర్టులు మాత్రం రాష్ట్ర వ్యవసాయ శాఖవి, వాటికి జిల్లా వ్యవసాయ ఆఫీసులో కాగితం మీద ఇవ్వొచ్చు. రాష్ట్రం ప్రశ్న కేంద్రం పోర్టల్‌లో వేస్తే తిప్పి పంపుతారు, డబ్బులు కూడా రావు. ఆయన ప్రశ్న కూడా ఇలాగే తప్పు చోటికి వెళ్లింది.

ఇక ప్రశ్న. "ఇది తింటే ప్రమాదమా?", "ఎందుకు ఆపలేదు?" అని రాస్తే ఏమీ రాదు, వాళ్లు ఇచ్చేది రికార్డులో ఉన్న కాగితమే, అభిప్రాయం కాదు. జన్యుమార్పిడి ఆవాల రకం డీఎంహెచ్-11 గురించయితే "2022 అక్టోబర్ 18 జీఈఏసీ మీటింగ్ మినిట్స్ కాపీ" అనండి. పత్తికయితే "గడ్డిమందు తట్టుకునే పత్తికి ఇచ్చిన అనుమతి పత్రం కాపీ, లేకపోతే రికార్డులో లేదని రాసివ్వండి" అనండి. ఈ రెండో ముక్క మర్చిపోవద్దు. దేశంలో రైతులు అమ్ముకోవడానికి పండించే అనుమతి 2002 నుంచి బీటీ పత్తికే (పురుగును తట్టుకునేది, గడ్డిమందును కాదు) ఉందని మనకు తెలిసిందే, కానీ ఆఫీసు సంతకంతో కాగితం ఉంటే దుకాణందారుతో మాట్లాడే తీరే వేరు.

కంపెనీ రహస్యమని ఆర్టీఐ చట్టం సెక్షన్ 8(1)(డి) చూపిస్తే టెన్షన్ పడకండి, అదే సెక్షన్‌లో ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చనీ ఉంది, అప్పీల్‌లో ఆ మాటే రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీల్ వేయొచ్చు, కేంద్రానికి వేసినదైతే అదే పోర్టల్‌లో. దానికి ఫీజు లేదు. ఎవరైనా అడిగితే లేచి వచ్చేయండి.